దొంగసరుకు మూట ఎవరి తలమీద?

జంషెడ్‌పూర్‌లో సాక్చీ బజారును ఆనుకొని కాసిడీహ్ అను పేట ఉన్నది. పార్శిలు గుమాస్తాగా విరమణ పొందిన తరువాత నేను ఇచ్చటనే ఉంటున్నాను. గడచిన శీతకాలమున మా వీధిలోని మూడు కుటుంబాల వారము రాత్రి భోజనాలైన పిమ్మట ఒక యింట చేరి, ఒక అమెరికన్ టెలివిజన్ ధారావాహికను వరుసగా చూచినాము. దాని పేరు ‘ది వైర్’. మాదకద్రవ్యాల అక్రమ వ్యాపారమును గూర్చిన నేరకథ అది. ఇంగ్లీషు సంభాషణ మాకు అందని చోట కుర్రవారు తెలుగులో వివరించుచుండగా మా వంటి పెద్దలము కూడ చూడగలిగినాము.

మొదటి భాగము ముగియగానే కుర్రవారు చాల మెచ్చుకొన్నారు. రెండవ భాగము మొదలైన రెండవ రాత్రికే వారి ముఖములు మారినవి. “తాతగారూ, ఇదేటి? రేవు, ఓడలు, యూనియను ఆఫీసు! దందా ఎక్కడికి పోయింది? ఇది వదిలీసి మూడోదానికి పోదాం” అని పొరుగింటి మనుమడు అన్నాడు. అతని తాత టాటానగర్ స్టేషనులో జీవితకాలము సామాను మోసినవాడు. అంతవరకు గోడకు చేరగిలి సగము నిద్రలో నుండినవాడు లేచి సరిగా కూర్చుండి, “ఉండరా బాబూ, నాకు కథ ఇప్పుడే మొదలయింది” అన్నాడు.

ఆ మనుమడు, ఆ తాత పలికిన ఈ రెండు మాటలను గూర్చియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. టెలివిజన్ ముచ్చట్లకు మన బులెటిన్‌లో తావేమిటని సోదరులు అడుగవచ్చును. రైలు పెట్టెలలోను తపాలా సంచులలోను రహస్యముగా ప్రయాణము చేయు సరుకు గూర్చిన కథ ఇది. ఆ సరుకు పట్టుబడిన నాడు మొదట పోలీసు చేయి పడునది మోసినవాని భుజము మీదనే. కావున ఇది మన విషయమే.

ధారావాహిక పుట్టుక

‘ది వైర్’ అమెరికాలో హెచ్.బి.ఓ. సంస్థ ద్వారా 2002 జూన్ మొదలు 2008 మార్చి వరకు అయిదు భాగములుగా, 60 ప్రకరణములుగా ప్రసారమైనది. కథాస్థలము బాల్టిమోర్ రేవు పట్టణము. సృష్టికర్త డేవిడ్ సైమన్ ‘బాల్టిమోర్ సన్’ దినపత్రికలో 1982 నుండి 1995 వరకు పోలీసు వార్తలు వ్రాసిన విలేఖరి. ఆయన సహరచయిత ఎడ్ బర్న్స్ అదే నగరమున డిటెక్టివ్‌గా పనిచేసి, తరువాత పాఠశాల ఉపాధ్యాయుడైన వ్యక్తి. 1987లో ఆ పత్రికా సిబ్బంది తమ సౌకర్యముల కోతకు వ్యతిరేకముగా సమ్మె చేసినపుడు సైమన్ యూనియను తరఫున బాధ్యత వహించినవాడు. సమ్మె శిబిరము అనుభవము గల రచయిత నేరకథ వ్రాసినచో అది ఏ విధముగా ఉండునో ఈ ధారావాహిక నిరూపించినది.

ఒక్కొక్క భాగములో ఒక్కొక్క వ్యవస్థను విప్పి చూపినారు. మొదటిదానిలో వీధి వ్యాపారమును, దానిపై పోలీసులు పెట్టు టెలిఫోను నిఘాను, రెండవదానిలో ఓడరేవును, కార్మిక సంఘమును, మూడవదానిలో నగర రాజకీయమును, నాలుగవదానిలో పాఠశాలలను, అయిదవదానిలో వార్తాపత్రికను. సాధారణ నేరకథలో దొంగ దొరకగానే కథ ముగియును. ఇందులో ఒక దొంగ దొరికిన మరునాడు అదే మూలమీద మరియొకడు నిలుచును. వ్యాపారమునకు కూలీల కొరత లేదు. ఏలనన, మిగిలిన పనులన్నియు మూతపడినవి.

రేవు కార్మికుల కథ

మా మిత్రుని నిద్ర వదలించిన రెండవ భాగము 2003లో పన్నెండు ప్రకరణములుగా వచ్చినది. ఫ్రాంక్ సొబోట్కా అనువాడు రేవు కార్మిక సంఘమునకు కార్యదర్శి, కోశాధికారి. సంఘము పేరు కల్పితమైనను, స్థితి మాత్రము వాస్తవము. కంటెయినర్లు వచ్చినవి, పదిమంది చేయు పనిని ఒక క్రేను చేయుచున్నది. సీనియారిటీ లేని పడుచువారికి నెలలో కొద్ది రోజులే పని. కాలువ లోతు చేయించినచో పెద్ద ఓడలు వచ్చును, పాత ధాన్యపు రేవు తిరిగి తెరచినచో సభ్యులకు పని దొరకును అని ఫ్రాంక్ ఆశ. అందులకు శాసనసభ్యుల వద్ద పైరవీ చేయవలెను. పైరవీకి డబ్బు కావలెను.

ఆ డబ్బును అతడు దొంగసరుకు ముఠానుండి తీసుకొనుచున్నాడు. ఏ కంటెయినరు లెక్కలోనుండి మాయము కావలెనో వారు చెప్పుదురు. అతని మనుష్యులు దానిని మాయము చేయుదురు. లోపల ఏమున్నదో అతడు అడుగడు. ఒకనాడు అట్టి కంటెయినరులో ఊపిరాడక మరణించిన పదముగ్గురు స్త్రీల శవములు బయటపడినవి. అడుగకుండుటయే తన తప్పు అని అతనికి నాడు తెలిసినది. అప్పటికి చాల ఆలస్యమైనది.

ఆ డబ్బులో ఫ్రాంక్ తనకై మేడ కట్టుకొనలేదు. కష్టములోనున్న సభ్యునికి చేతిలో పెట్టినాడు. మిగిలినది నాయకుల విందులకు, ఎన్నికల నిధులకు పోసినాడు. ఉద్దేశము మంచిదే. అయినను దుష్టధనము సంఘము ఇంటిలో ప్రవేశించిన తరువాత గదిగదికి పాకినది. అన్న కుమారుడు హెరాయిన్ అమ్మకములో దిగినాడు. సొంత కుమారుడు హత్య చేసి జైలు పాలైనాడు. తుదకు ఫ్రాంక్ శవమై నీటిలో తేలినాడు. ధాన్యపు రేవు స్థలములో ధనికుల నివాసభవనములు లేచినవి. మరణించిన నాయకునికే సభ్యులు పంతముతో వోట్లు వేయగా, ప్రభుత్వము సంఘ కార్యాలయమునకు తాళము వేసినది.

ఇక ముఠాకు పెద్దయైనవాడో? వాడు కేంద్ర నేరపరిశోధక శాఖలోని ఒక అధికారికి రహస్య సమాచారము అందించువాడు గనుక, ముందుగా హెచ్చరిక పొంది విమానమెక్కి వెడలిపోయినాడు. దర్యాప్తు ఆరంభమైన కారణమును కూడ రచయితలు చమత్కారముగా పెట్టినారు. చర్చి కిటికీకి రంగుటద్దము బహూకరించుటలో పోలీసు అధికారికంటె కార్మిక సంఘము ముందు పడినదని ఆ అధికారికి కోపము! కూలీల సంఘమునకు ఇంత డబ్బు ఎక్కడిదని అతడు కూపీ తీయించినాడు. అసూయతో అడిగినను ప్రశ్న సరియైనదే. ఆ ప్రశ్నను సంఘ సభ్యులే ముందుగా అడిగి యుండినచో సంఘము బ్రతికియుండెడిది.

విమర్శకులు, ప్రేక్షకులు

ఈ ధారావాహికకు లభించిన ఆదరణ కథ కూడ తెలిసికొనదగినది. ప్రసారకాలములో దీనికి ప్రేక్షకులు ఎన్నడును అధికముగా లేరు. 2004లో మూడవ భాగము ముగిసిన తరువాత దీనిని నిలిపివేయు ఆలోచనయు జరిగినది. నాలుగవ భాగము 2006 వరకు రాలేదు. అమెరికా టెలివిజన్ రంగమున అగ్ర బహుమతియైన ఎమ్మీకి దీని పేరు రెండుసార్లు మాత్రమే, 2005లోను 2008లోను, రచనా విభాగమున పరిశీలనకు వచ్చినది. ఒక్కసారియు బహుమతి దక్కలేదు.

రెండవ భాగము వచ్చినపుడు మా కుర్రవాని వలెనే అక్కడి ప్రేక్షకులు చాలమంది విసుగుకొన్నారు. మొదటి భాగములోని వీధి పాత్రలను వెనుకకు నెట్టి, రేవు కూలీల గొడవ ఎందులకు తెచ్చినారని ఫిర్యాదు చేసినారు. అయితే ఆ 2003 సంవత్సరమునకే ఈ ధారావాహికకు పీబాడీ పురస్కారము లభించినది. కాలక్రమమున విమర్శకుల గౌరవము పెరిగినది. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున విలియం జూలియస్ విల్సన్ అను ప్రముఖ సాంఘిక శాస్త్రవేత్త దీనిని ఆధారము చేసికొని నగర పేదరికమును గూర్చి పాఠము నడిపినాడు. 2021లో బి.బి.సి. విమర్శకుల అభిప్రాయములు సేకరించి ఈ శతాబ్దపు నూరు ఉత్తమ ధారావాహికల పట్టిక ప్రకటించగా ‘ది వైర్’ ప్రథమ స్థానమున నిలిచినది. ప్రసారమైనపుడు చూడనివారు, ముగిసిన తరువాత వెదకి చూచినారు.

అందరును మెచ్చలేదు. 2011లో బాల్టిమోర్ పోలీసు కమిషనర్ ఫ్రెడరిక్ బీల్‌ఫెల్డ్ ఇది తమ నగరమునకు మచ్చ తెచ్చినదని బాహాటముగా దూషించినాడు. 2008లో మార్క్ బౌడెన్ అను రచయిత, సైమన్ కోపము వలన కథలో వెలుగుకంటె చీకటి అధికమైనదను భావము వెలిబుచ్చినాడు. మనకు ముఖ్యమైన విమర్శ మరియొకటి కలదు. అదే 2008లో పీటర్ డ్రైయర్, జాన్ అట్లాస్ అను ఇద్దరు విమర్శకులు ఒక గట్టి ప్రశ్న వేసినారు: ఈ ధారావాహికలో పేదలు ఓడిపోవుటయే గాని, సంఘటితులై గెలుచుట ఏదీ? అదే బాల్టిమోర్‌లో చర్చి సంఘములు, ప్రభుత్వోద్యోగుల కార్మిక సంఘము కలిసి పోరాడి 1994లో కాంట్రాక్టు పనివారికి జీవన వేతనము నిచ్చు నగర శాసనమును సాధించినవి. అమెరికాలో అట్టి శాసనములకు అది దారిచూపినది. ఆ విజయము ఈ కథలో లేదు.

నా అభిప్రాయములో ఈ విమర్శ న్యాయమైనది. ‘ది వైర్’ రోగమును చక్కగా చూపినది. మందు ఉన్నదని చూపలేదు. కాని దానివలన రెండవ భాగము విలువ తగ్గదు. సంఘము ఏ విధముగా గెలువవలెనో చెప్పు పుస్తకములు మనకు చాల కలవు. సంఘము లోపలినుండి ఏ విధముగా కుళ్ళునో, అదియు మంచి మనసు గల నాయకుని చేతులలోనే, చెప్పిన కథలు తక్కువ.

దొరను మెచ్చు ప్రేక్షకుడు

మాదకద్రవ్య కథలన్నింటికి ఒక ప్రమాదము కలదు. చూచువాడు మోసినవానిని మరచి, మోయించినవానిని మెచ్చును. ‘ది వైర్’లో కూడ దొంగలను దోచు ఓమర్ అను పాత్రకు వచ్చిన కీర్తి ఫ్రాంక్ సొబోట్కాకు రాలేదు. అధ్యక్షుడు కాకముందే బరాక్ ఒబామా తనకు ఇష్టమైన పాత్ర ఓమర్ అని చెప్పినాడు.

కొలంబియా దేశపు అనుభవము ఇంకను గట్టిది. పాబ్లో ఎస్కోబార్ అను కొకెయిన్ వ్యాపారి ముఠా 1986 డిసెంబరు 17న ‘ఎల్ ఎస్పెక్తదోర్’ పత్రికా సంపాదకుడు గిల్యెర్మో కానోను కాల్చి చంపినది. 1989లో ప్రయాణికుల విమానమును బాంబుతో పేల్చినది. ఆ సంపాదకుని కుమారుడు కమీలో కానో, ఎస్కోబార్ ముఠా అపహరించిన ఒక స్త్రీ కుమార్తె హువానా ఉరీబే కలిసి 2012లో తమ దేశ టెలివిజన్‌కు ఎస్కోబార్ కథను ధారావాహికగా నిర్మించినారు. బాధితుల బిడ్డలు చరిత్ర మరువరాదను పట్టుదలతో తీసిన కథ అది. ప్రేక్షకులు విశేషముగా చూచినారు. అయినను దుర్మార్గునికే ప్రచారము దక్కినదను నింద దానికిని తప్పలేదు. 2015లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ‘నార్కోస్’ పేరుతో అదే మనిషి కథను ప్రపంచమంతట చూపినది. ఎస్కోబార్ పాత్ర ధరించిన బ్రెజిల్ నటుని స్పానిష్ ఉచ్చారణను కొలంబియా వారు నవ్వుకొన్నారు. ఎస్కోబార్ కుమారుడే 2016లో కథలోని తప్పులను ఏకరువు పెట్టినాడు. ప్రపంచమునకు అవి పట్టలేదు. మా పేట కుర్రవాని చొక్కా మీద సైతము ఆ మీసముల బొమ్మ నేను చూచినాను. కానో పేరు అతడు విననైన వినలేదు.

మన దేశములో రైల్వే రక్షక దళము 2022లో మాదకద్రవ్యముల పట్టివేతకు చేపట్టిన కార్యక్రమమునకు ‘ఆపరేషన్ నార్కోస్’ అని పేరు. ఆ మాట యిప్పుడు మన ప్లాట్‌ఫారముల మీదికే వచ్చినది. కనుక చొక్కా బొమ్మ వద్ద ఆగక, మన పార్శిలు ఆఫీసు వరకు ఆలోచన సాగింపవలసియున్నది.

మన పెట్టెలు, మన సంచులు

తూర్పు కనుమలలో, ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో గంజాయి అక్రమముగా పండుచున్నది. పోడు భూమి తప్ప వేరు ఆధారము లేని గిరిజనునికి వ్యాపారి ముందుగా డబ్బిచ్చి పండించును. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాలలో ఆ తోటలను నరికించినారు; 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టినారు. మా జార్ఖండ్‌లో ఖూంటీ, చత్రా జిల్లాలలో నల్లమందు కొరకు గసగసాల సాగు, దానిని నరికించు పోలీసు దండయాత్రలు ఏటేటా వార్తలలో చూచుచున్నాము. ఆ కొండలనుండి నగరములకు సరుకు చేరుటకు రోడ్డు ఒక దారి, రైలు ఒక దారి. చిన్న పొట్లములకు, రసాయన బిళ్ళలకు, తపాలా బిళ్ళవలె నుండు ఎల్.ఎస్.డి. కాగితపు ముక్కలకు తపాలా, కొరియర్ సంచులు దారి.

చట్టము చాల కఠినమైనది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణము. దానికి పది సంవత్సరములకు తక్కువ కాకుండ, ఇరువది సంవత్సరముల వరకు కఠిన శిక్ష. లక్ష నుండి రెండు లక్షల రూపాయల జరిమానా. ఈ నేరమున బెయిలు దొరకుట దుర్లభము. సరుకు ఒకని స్వాధీనములో నుండినదని రుజువైనచో, అది ఏమిటో తనకు తెలియదని నిరూపించుకొను భారము అతని మీదనే పడును. 2019 నుండి రైల్వే రక్షక దళమునకు కూడ ఈ చట్టము క్రింద సోదా చేయుటకు, స్వాధీనపరచుకొనుటకు, అరెస్టు చేయుటకు అధికారము కలదు. 2024 జూన్‌లో అమలులోనికి వచ్చిన తపాలా కార్యాలయముల చట్టము క్రింద, అధికారము పొందిన అధికారి నిర్ణీత కారణములపై వస్తువును ఆపి తెరచి చూడవచ్చును.

ఇంత బరువైన చట్టము క్రింద చిక్కువాడు ఎవడు? కొండమీద పెట్టుబడి పెట్టినవాడు అరుదు. నగరములో బంగళాలో కూర్చుండినవాడు మరియు అరుదు. సంచి పట్టుకొన్న గిరిజన యువకుడు, కిరాయికి ప్రయాణము చేసిన స్త్రీ, పెట్టెను ఎత్తిన లోడింగు కూలీ, ఆటో తోలినవాడు. ‘ది వైర్’ అయిదు భాగములలో చెప్పినది ఇదే. కనుకనే అది బాల్టిమోర్ కథగా మాకు తోచలేదు.

మన పనిలో వచ్చిన మార్పు కూడ ఆ రేవులోని మార్పు వంటిదే. లీజుకిచ్చిన పార్శిలు వ్యానులో సరుకు ఎక్కించువాడు, దింపువాడు లీజుదారుని మనిషి. పర్మనెంటు పనివారు విరమణ పొందగా ఖాళీలు ఖాళీలుగానే ఉండుట మనమెరుగుదుము. 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడ్ పోస్టులో విలీనము చేసినారు. పని వేగము పెరిగినది. ప్రతి సంచిని ఎరిగిన కన్నులు తగ్గినవి. వెనుక మా పార్శిలు ఆఫీసులో ఒక పాత కళాసీ పెట్టెను ఎత్తి చూచి, “బాబూ, చీటీమీద బట్టలని ఉన్నది, బరువు బట్టలది కాదు” అని చెప్పెడివాడు. అట్టి అనుభవమునకు జీతము దండుగ అని భావించిన ఏర్పాటులో దొంగసరుకునకు దారి సుగమమగుటలో ఆశ్చర్యమేమున్నది?

ఒక పాత తప్పు

ఇక నా స్వానుభవము ఒకటి చెప్పక తప్పదు. నేను ఉద్యోగములో నుండగా ఒక స్టేషనులో — పేరు అనవసరము — బుక్కు చేసిన మూటలలో గంజాయి దొరికినది. బుక్కు చేసినవాని చిరునామా అబద్ధము. మూటను తోపుడుబండిమీద తెచ్చిన కాంట్రాక్టు కూలీని తీసుకొనిపోయినారు. అతడు మా కళ్ళముందు రెండేండ్లు పని చేసినవాడు. తనకు ఆ మూట సంగతి తెలియదని మొత్తుకొన్నాడు. అతని భార్య చంటిబిడ్డతో మా శాఖ కార్యాలయమునకు వచ్చి, “అన్నయ్యా, మీరు పెద్దలు, ఒక్క మాట చెప్పండి” అని నన్ను అడిగినది.

ఆ సాయంకాలము మేము కూర్చుండి చర్చించినాము. మేము చెప్పిన జవాబు ఇది: “అతడు మన సభ్యుడు కాదు.” నిజమే, కాంట్రాక్టు కూలీ కావున అతనికి సభ్యత్వము లేదు. లోపల అసలు మాట వేరు. ఈ మురికి కేసులో చేయి పెట్టినచో యూనియను పేరు పాడగునని మాకు భయము. ఆ కూలీ నెలల తరబడి జైలులో నుండి, తుదకు నేరము రుజువు కాక విడుదలైనాడు. మరల ఆ స్టేషనుకు రాలేదు. ఆ కుటుంబము ఏమైనదో నేను విచారింపలేదు.

ఫ్రాంక్ సొబోట్కా తప్పుడు డబ్బు తీసుకొని సభ్యులను కాపాడవలెనని చూచినాడు. మేము పరిశుభ్రముగా నుండవలెనని ఒక నిర్దోషిని వదలివేసినాము. రెండును సంఘము చేయరాని పనులే. ధారావాహికలో ఫ్రాంక్ కథ ముగిసిన రాత్రి మా మిత్రుడు, ఆ పాత పోర్టరు, చాలసేపు మాటాడలేదు. తరువాత, “మనోళ్ళెవరికైనా అలాటి కష్టమొస్తే మనమేటి చేసీవోళ్ళం?” అని అడిగినాడు. నేను చేసినది చెప్పినాను. అతడు నన్ను నిందింపలేదు. అది నాకు మరింత బాధ కలిగించినది.

మన కర్తవ్యము

కనుక ఈ క్రింది విషయములను శాఖా సంఘములు, డివిజన్ మహాసభలు చర్చింపవలెనని నా మనవి.

మొదటిది: సంఘపు నిధి లెక్క ప్రతి సభ్యునికి తెలియవలెను. విరాళమిచ్చినవాడు ఎవరు, ఎందులకిచ్చినాడు అని అడుగుట నాయకునిపై అవిశ్వాసము కాదు, నాయకునికి రక్ష. కాంట్రాక్టరు, లీజుదారుడు ఇచ్చు పండుగ చందాలు సైతము ఇందులోనివే.

రెండవది: పార్శిలు బుకింగులో పంపువాని గుర్తింపు, తూకము, ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినదను నమోదు — ఇవి సక్రమముగా నుండవలెనని యూనియనే పట్టుబట్టవలెను. స్కానింగు యంత్రములు కావలెనని కోరవలెను. ఇది యాజమాన్యమునకు చేయు సేవ అని కొందరు అనుకొందురు. కాదు. మూట ఎవరి తలమీద నుండి ఎవరి తలమీదకు వచ్చినదో కాగితము చెప్పగలిగిననాడు, మోసినవాడు మొదటి ముద్దాయి కానక్కరలేదు.

మూడవది: ఆరోపణ వచ్చినవాడు పర్మనెంటు అయినను, కాంట్రాక్టు అయినను, గ్రామీణ డాక్ సేవక్ అయినను, మొదటి రోజుననే న్యాయసహాయము అందవలెను. నేరము రుజువైనవానిని సంఘము వెనుకవేసికొని రానక్కరలేదు. రుజువు కాకముందే వదలివేయుట మాత్రము పనికిరాదు.

నాలుగవది: మన సహోద్యోగులలో, వారి పిల్లలలో మత్తుకు బానిసలైనవారు లేరని మనలను మనము మోసగించుకొనరాదు. వారు రోగులు. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు సిద్ధపడినచో అతనికి రక్షణనిచ్చు నియమము 1985 నాటి చట్టములోనే, 64-ఎ సెక్షనులో, కలదు. చికిత్సకు సలహానిచ్చు జాతీయ సహాయ కేంద్రము టెలిఫోను సంఖ్య 14446. ఈ సంఖ్యను ప్రతి యూనియను ఆఫీసు బోర్డుమీద వ్రాయుటకు సుద్దముక్క చాలును.

ఈ ఊరు కార్మికోద్యమమునకు పాత చిరునామా. 1920లో ఇచ్చట లేబర్ అసోసియేషన్ పుట్టినది. దానికి సి.ఎఫ్. ఆండ్రూస్, తరువాత సుభాస్ చంద్ర బోస్ అధ్యక్షులైనారు. 1968 సెప్టెంబరు 19 నాటి సమ్మెలో తపాలా సోదరులు, 1974 మే నెలలో రైల్వే సోదరులు ఉద్యోగములు పోగొట్టుకొని సైతము తలవంచలేదు. ఆనాడు సంఘము మీద ఎన్నో నిందలు వేసినారు, నిలువలేదు. చేతులు శుభ్రముగా నుండుట, తోటివాని చేయి విడువకుండుట — ఈ రెండును ఆనాడు కలిసియుండినవి.

చివరగా ఒక సంగతి. ఓమర్ పాత్రధారి మైకేల్ కె. విలియమ్స్ 2021 సెప్టెంబరు 6న ఫెంటనిల్ కలిసిన మాదకద్రవ్యము వలన మరణించినాడు. ఆ సరుకు అమ్మిన ముఠాలోని వారిని పట్టుకొన్నారు. వారిలో 71 సంవత్సరముల వృద్ధుడు ఒకడుండెను. 2023లో అతనికి శిక్ష విధించు సమయమున డేవిడ్ సైమన్ న్యాయమూర్తికి జాబు వ్రాసినాడు. తన మిత్రుని మరణములో పాలుగల ఆ ముసలివానిపై దయ చూపవలెనని, చిన్న చేపలను జైళ్ళలో నింపుటవలన ఈ వ్యాపారము ఆగదని, జీవించి యుండినచో విలియమ్స్ కూడ అదే కోరియుండెడివాడని అందలి భావము. ఆ వృద్ధునికి రెండున్నర సంవత్సరముల శిక్ష పడినది.

మిత్రుని కోల్పోయినవాడు అట్టి జాబు వ్రాయగలిగినాడు. ఏమియు కోల్పోని మేము, ఆనాడు ఒక నిర్దోషియైన కూలీ కొరకు ఒక్క జాబు వ్రాయలేకపోయినాము.

కావున సోదరులారా, వీలైనచో ‘ది వైర్’ రెండవ భాగమును మీ మనుమలతో కలిసి చూడుడు. వారు విసుగుకొందురు, చూపించుడు. చూచిన తరువాత మీ శాఖా సమావేశములో ఒక్క ప్రశ్న వేయుడు: రేపు మన ప్లాట్‌ఫారము మీద మూట విప్పినపుడు, దానిని మోసినవాని పక్కన నిలుచుటకు మనలో ఎవరు సిద్ధముగా నున్నారు? ఆ జవాబు సమావేశపు మినిట్సు పుస్తకములో వ్రాసియుంచుడు. మా శాఖ పుస్తకములో ఆనాటి పేజీ ఖాళీగా ఉన్నది.